కార్టర్ ఖాతాలో జమ కావలసినవి

సంపాదకులకు,

నమస్కారం. అమెరికా మాజీ అధ్యక్షుల ఆర్థిక విధానాల మీద మీ పత్రిక సంపాదకీయ పుటలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో జిమ్మీ కార్టర్‌కు దక్కింది నాలుగే వాక్యాలు. ఆయన మంచి మనిషే గాని చేతగాని పాలకుడని, ఆయన హయాంలో ధరలు మండిపోయాయని, తర్వాత వచ్చిన రొనాల్డ్ రీగన్ పాల్ వోల్కర్‌ను తెచ్చి అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ పగ్గాలు అప్పగించి ద్రవ్యోల్బణాన్ని అణచివేశారని ఆ నాలుగు వాక్యాల సారాంశం. ఈ చివరి మాట వాస్తవం కాదు. వోల్కర్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది కార్టరే. ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు అర్థశాస్త్రం బోధించినవాడిగా ఈ పొరపాటు నన్ను చాలా బాధించింది. తేదీ తప్పిపోయినందుకు కాదు. ఆ తేదీ మారితే కార్టర్ గురించి మనం చెప్పుకునే తీర్పు కూడా మారిపోతుంది కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

కార్టర్ 1977 జనవరి 20 నుంచి 1981 జనవరి 20 వరకు అధ్యక్షుడిగా ఉన్నారు. 2024 డిసెంబరు 29న, నూరేళ్లు నిండాక, కన్నుమూశారు. పదవి దిగిన తర్వాత ఆయన చేసిన సేవను లోకమంతా కొనియాడింది. ఆర్థిక విషయాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నలభై ఏళ్ల కిందటి ఎన్నికల ప్రచారంలో ఆయన ప్రత్యర్థులు వాడిన కొలబద్దనే మనం ఇప్పటికీ వాడుతున్నాం. ఆ కొలబద్ద పేరు మిజరీ ఇండెక్స్, అంటే కష్టాల సూచీ. అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు సలహాదారుగా పనిచేసిన ఆర్థర్ ఓకున్ అనే ఆర్థికవేత్త నిరుద్యోగ రేటును, ద్రవ్యోల్బణ రేటును కలిపి ఈ సూచీని తయారుచేశారు. 1976 ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ మీద దీన్ని అస్త్రంగా ప్రయోగించింది కార్టరే. అప్పుడది 13 చిల్లర ఉండేది. నాలుగేళ్లు తిరిగేసరికి అదే సూచీ 20 దాటింది, అదే అస్త్రం ఆయన మీదికే వచ్చింది. 1980 అక్టోబరు 28న క్లీవ్‌లాండ్‌లో జరిగిన చర్చలో, నాలుగేళ్ల కిందటి కంటే ఇప్పుడు మీ బతుకు బాగుందా అని రీగన్ ప్రజలను అడిగారు. వారం తిరిగేసరికి ప్రజలు జవాబిచ్చారు. కార్టర్‌కు ఆరు రాష్ట్రాలు, రాజధాని ప్రాంతం మాత్రమే మిగిలాయి.

ఆ జవాబును నేను తప్పుపట్టడం లేదు. దుకాణంలో పాల సీసా కొనే మనిషికి సగటు లెక్కలతో పనిలేదు. ఓటరు తీర్పు ఆ రోజుకు సంబంధించినది, దాన్ని గౌరవించాలి. చరిత్ర రాసేవాడు మాత్రం ఆ అంకెల లోపలికి తొంగిచూడాలి. నిరుద్యోగమే తీసుకోండి. కార్టర్ ప్రమాణం చేసిన నెలలో అది 7.5 శాతం, పదవి దిగిన నెలలోనూ 7.5 శాతమే. ఈ రెండు అంకెలే చూసేవాడు నాలుగేళ్లలో ఏమీ జరగలేదనుకుంటాడు. నిజానికి మధ్యలో, 1979లో, అది 5.6 శాతానికి దిగింది. ఆ నాలుగేళ్లలో కొత్తగా ఏర్పడిన ఉద్యోగాలు దాదాపు కోటి. యుద్ధానంతరం పుట్టిన తరం, దానితోపాటు లక్షలాది మహిళలు పని కోసం బయటికి వచ్చిన కాలమది. కోటి ఉద్యోగాలు వచ్చినా రేటు మళ్లీ మొదటికి చేరడానికి ఈ రద్దీ ఒక కారణం, 1980లో వచ్చిన మాంద్యం మరొక కారణం.

ద్రవ్యోల్బణం సంగతిలో ఇంకొక మెలిక ఉంది. దీన్ని తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మలేనట్టు చూసేవారు. ఆ రోజుల్లో అమెరికా వినియోగదారుల ధరల సూచీలో ఇళ్ల కొనుగోలు ధరను, ఇంటి అప్పు వడ్డీని నేరుగా కలిపేవారు. కాబట్టి ధరలు తగ్గించడానికి కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచిన ప్రతిసారీ, ఆ వడ్డీ కారణంగానే సూచీ ఇంకొంత పైకి ఎగిసేది. జ్వరం తగ్గడానికి మందు వేస్తే ఆ మందే థర్మామీటరును వేడెక్కించినట్టు! 1983లో ఈ పద్ధతి మార్చి, సొంత ఇంటికి సమానమైన అద్దెను లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. 1980 సంవత్సరానికి నమోదైన 13.5 శాతంలో కొంత భాగం కొలిచే పద్ధతి వల్ల వచ్చిందేనన్నది అర్థశాస్త్రం చదివినవారికి కొత్త సంగతి కాదు.

ఇంతమాత్రాన కార్టర్‌ను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. చమురు సంక్షోభమే ఆయన కొంప ముంచిందని ఆయన అభిమానులు చెప్పే మాట సగమే నిజం. ఇరాన్ విప్లవంతో 1979లో చమురు ధర రెట్టింపు దాటడం, పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరడం, నంబరు ప్లేటు సరిసంఖ్యా బేసిసంఖ్యా అని చూసి పెట్రోలు పోయడం జరిగిన మాట వాస్తవం. అయితే ఇరాన్ గొడవ ముదరక ముందే, 1977లో 6.5 శాతంగా ఉన్న సగటు ద్రవ్యోల్బణం 1978లో 7.6 శాతానికి ఎక్కింది. అప్పటికే వేడిగా ఉన్న పొయ్యిలో తొలి రెండేళ్ల ఖర్చుల కార్యక్రమాలు ఇంకొన్ని కట్టెలు పెట్టాయి. తలకు 50 డాలర్ల చొప్పున పన్ను వాపసు ఇస్తామని ప్రకటించి 1977 ఏప్రిల్‌లో వెనక్కు తీసుకోవడం ఆయన ఊగిసలాటకు తొలి గుర్తు. 1978లో ఫెడరల్ రిజర్వ్ అధ్యక్ష పదవిని, కేంద్ర బ్యాంకింగ్‌లో అనుభవం లేని కంపెనీ అధిపతి విలియం మిల్లర్‌కు ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పు. విలువైన ఏడాదిన్నర ఆ విధంగా చేజారింది.

ఇక 1979 జులై. ఆ నెల 15న టీవీలో చేసిన ప్రసంగంలో, దేశానికి వచ్చింది ఆత్మవిశ్వాసం సన్నగిల్లే జబ్బు అని ఆయన ప్రజలకు చెప్పారు. ప్రజలు మొదట మెచ్చుకున్నారు కూడా. రెండు రోజులకే మంత్రివర్గం మొత్తాన్ని రాజీనామాలు ఇమ్మనేసరికి మార్కెట్లు బెంబేలెత్తాయి. ఆర్థిక మంత్రి బ్లూమెంథల్ పోయారు, ఆ స్థానంలోకి మిల్లర్ వెళ్లారు, ఫెడరల్ రిజర్వ్ కుర్చీ ఖాళీ అయింది. ఆ ఖాళీలోకి వచ్చినవారే న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు అధ్యక్షుడు వోల్కర్. కాబట్టి ఈ నియామకం వెనుక దూరదృష్టి ఎంత, తొందర ఎంత అని ఎవరైనా అడిగితే, రెండూ ఉన్నాయనే చెబుతాను. కానీ కళ్లు మూసుకుని చేసిన నియామకం మాత్రం కాదు. మిల్లర్ కంటే బిగువైన విధానం అనుసరిస్తానని వోల్కర్ కార్టర్‌తో ముఖాముఖి చెప్పారు, కేంద్ర బ్యాంకు స్వతంత్రంగా ఉండాలన్నారు. అంతా విన్న తర్వాతే కార్టర్ ఆయన పేరు ప్రకటించారు. ఎన్నికలకు పదిహేను నెలల ముందు, వడ్డీలు పెంచుతానని నోటితో చెప్పిన మనిషికి ఆ కుర్చీ ఇచ్చే నాయకులు ఏ దేశంలోనైనా ఎంతమంది ఉంటారు?

అక్టోబరు 6, శనివారం సాయంత్రం. వోల్కర్ విలేకరులను పిలిచి, ఇకపై వడ్డీ రేటును కాక ద్రవ్య సరఫరాను, అంటే చెలామణిలోని డబ్బు మొత్తాన్ని, అదుపు చేస్తామని, వడ్డీ ఎంతదాకా పోతే అంతదాకా పోనిస్తామని అర్థం వచ్చేట్టు ప్రకటించారు. 1980 డిసెంబరు నాటికి బ్యాంకులు తమ మేలైన ఖాతాదారుల దగ్గర కూడా 21.5 శాతం వడ్డీ వసూలు చేశాయి. మధ్యలో, 1980 మార్చిలో, కార్టర్ పరపతి మీద, అంటే అప్పులివ్వడం మీద, నియంత్రణలు విధించి మరో పొరపాటు చేశారు. జనం క్రెడిట్ కార్డులు కత్తిరించి వైట్‌హౌస్‌కు పోస్టులో పంపారు, కొనుగోళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి, ఆర్థిక వ్యవస్థ నిలువునా కుంగింది. జులైలో నియంత్రణలు ఎత్తేశారు. సెప్టెంబరులో, పోలింగ్ ఇక కొన్ని వారాలే ఉందనగా, ఫెడరల్ రిజర్వ్ మళ్లీ వడ్డీ పెంచింది. ప్రచారంలో ఒకసారి మెత్తగా తప్పుపట్టడం తప్పిస్తే కార్టర్ దాన్ని అడ్డుకునే ప్రయత్నం చేయలేదు. నా దృష్టిలో ఆయన ఆర్థిక వారసత్వంలో అన్నిటికంటే బరువైన జమ ఇదే.

ఆ చికిత్స ఎంత కఠినమైనదో ఒక దృశ్యం చెబుతుంది. ఇళ్లు కట్టేవాళ్లు పని లేక, ఇంటి చట్రానికి వాడే కట్టెలను ముక్కలుగా కోసి, వాటి మీద వడ్డీలు తగ్గించండని రాసి, స్టాంపులు అంటించి వాషింగ్టన్‌లోని వోల్కర్ కార్యాలయానికి పంపారు. కార్ల డీలర్లు అమ్ముడుపోని కార్ల తాళంచెవులు పంపారు. 1981 అక్టోబరులో ముప్ఫై ఏళ్ల ఇంటి అప్పు మీద వడ్డీ 18 శాతం దాటింది. 1982 చివర నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. 1983లో సగటు ద్రవ్యోల్బణం 3.2 శాతానికి దిగింది. నొప్పిలో కొంత భాగం, ఫలితం మొత్తం రీగన్ కాలంలో పడ్డాయి. వోల్కర్‌ను కదిలించకుండా ఉంచి, 1983లో మళ్లీ నియమించిన రీగన్ ఓపికకు కూడా విలువ కట్టాలి, ఆయనకు రావలసిన వాటాను ఎవరూ కాదనరు. అయితే ఆ పనికి పునాది తవ్విన మనిషి పేరే శిలాఫలకం మీద లేకపోవడం న్యాయం కాదు.

కొన్నేళ్ల కిందట మా అబ్బాయి దగ్గరికి అట్లాంటా వెళ్లినప్పుడు, పట్టుబట్టి జార్జియా దక్షిణాన ఉన్న ప్లెయిన్స్ అనే పల్లెకు తీసుకెళ్లమన్నాను. కార్టర్ పుట్టిన ఊరు అది. మాది అనంతపురం జిల్లా, తాతల నాటి నుంచి చెనక్కాయ (వేరుశనగ) పండించిన కుటుంబం. దారి పొడవునా ఎర్రమట్టి చేలు చూసి నాకు మా ఊరు గుర్తొచ్చింది. యంత్రం చెట్లను పెళ్లగించి, కాయలు పైకి వచ్చేట్టు తిరగేసి, వరుసలుగా ఎండబెడుతోంది. మేము వాన పడిన మర్నాడు తడి ఆరకముందే చేతులతో పీకి వామి వేసే పనిని అక్కడ యంత్రం చేస్తోంది. రోడ్డు పక్క అంగట్లో ఉప్పు వేసి ఉడకబెట్టిన పచ్చికాయలు అమ్ముతున్నారు, రుచిలో మా ఇంటి కాయలకు తేడా లేదు. 1976 ప్రచారానికి కార్యాలయంగా వాడిన పాత రైల్వే స్టేషను, చిన్న చెక్క కట్టడం, ఇప్పుడు ప్రదర్శనశాల. నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. అధ్యక్షుడైనప్పుడు కార్టర్ తన చెనక్కాయ గిడ్డంగుల వ్యాపారాన్ని ధర్మకర్తల చేతిలో పెట్టి దాని వంక చూడలేదు. నాలుగేళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి దాని మీద పది లక్షల డాలర్లకు పైగా అప్పు ఉంది. ఆ అప్పు తీర్చడానికి వ్యాపారాన్ని అమ్ముకోవలసి వచ్చింది. దేశంలో వడ్డీలు ఆకాశాన్ని అంటిన ఆ రోజుల్లో అంత అప్పు మోయడమంటే ఏమిటో, బ్యాంకు పంట రుణం కోసం తిరిగిన మా ప్రాంతపు రైతుకు విడమరచి చెప్పనక్కరలేదు.

మీ వ్యాసకర్త అసలు ప్రస్తావించనిది ఇంకొకటుంది. రవాణా రంగం మీద నియంత్రణలు ఎత్తివేసింది రీగన్ అని చాలామంది అనుకుంటారు. చట్టాల మీద సంతకాల తేదీలు చూస్తే ప్రధానమైనవన్నీ కార్టర్‌వే. 1977 నవంబరులో విమాన సరకు రవాణా, 1978 అక్టోబరు 24న విమాన ప్రయాణం, 1980 జులై 1న లారీ రవాణా, అదే ఏడు అక్టోబరు 14న రైల్వేలు. అంతకుముందు ఏ విమానం ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత ఛార్జీకి ఎగరాలో సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నిర్ణయించేది. 1938 నుంచి నలభై ఏళ్లపాటు ఆ బోర్డు ప్రధాన మార్గాల్లో ఒక్క కొత్త సంస్థను కూడా అడుగుపెట్టనివ్వలేదు. కార్టర్ ఆ బోర్డుకు ఆల్ఫ్రెడ్ కాన్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడిని అధిపతిగా పంపారు. తన బోర్డునే మూయించడానికి పూనుకున్న అధికారి ఆయన. 1984 ఆఖరుకు అది నిజంగానే మూతపడింది. లారీల సంగతి మరీ విడ్డూరం. కొత్తగా ఒక మార్గంలో లోడు ఎత్తాలంటే అనుమతి కావాలి, ఆ అనుమతికి అప్పటికే ఆ మార్గంలో తిరుగుతున్నవాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు. అనుమతి ఒకవైపుకే ఉన్న లారీ రిటర్న్ లోడు దొరికినా ఎత్తుకోలేక ఖాళీగా తిరిగి వచ్చేది, డీజిలు మాత్రం రెండువైపులా కాలేది. ఖాళీ లారీ ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో మన లారీ యజమానులను అడిగితే తెలుస్తుంది.

నేడు అమెరికాలో ఉంటున్న మన పిల్లలు సెలవు దొరికితే డల్లాస్ నుంచి న్యూజెర్సీకి మామూలు ఉద్యోగుల జీతంతో విమానం ఎక్కుతున్నారు, ఫెడెక్స్ కొరియర్ పొట్లం మర్నాటికి ఇంటికి చేరుతోంది. ఇవి ఆ సంతకాల ఫలితాలు. ఒంటరిగా ఆయన సాధించినవని అనను. విమాన రంగంలో ఈ పోరాటాన్ని సెనేట్‌లో మొదలుపెట్టిన ఎడ్వర్డ్ కెన్నెడీ ఆ తర్వాత 1980లో సొంత పార్టీలోనే కార్టర్‌కు పోటీగా నిలిచారు. ఫోర్డ్ కాలంలోనే కొంత నేల చదునైంది. నష్టపోయినవాళ్లూ ఉన్నారు. చిన్న పట్టణాలు విమాన సర్వీసులు పోగొట్టుకున్నాయి, లారీ డ్రైవర్ల సంఘాల బలం తగ్గి వేతనాలు పడిపోయాయి. 1980 మార్చి చట్టం డిపాజిట్ల మీద వడ్డీ పరిమితులు క్రమంగా తొలగించి, ప్రభుత్వ బీమాను 40 వేల డాలర్ల నుంచి లక్ష డాలర్లకు పెంచింది. ఆ దశాబ్దం చివర పొదుపు సంస్థలు వరుసగా కూలిపోవడానికి దోహదం చేసిన కారణాల్లో అదీ ఒకటి. ఇవన్నీ ఆయన ఖాతాలో ఖర్చు వైపు రాయవలసిందే.

అమెరికాలో రాసే పద్దుల్లో ఎప్పుడూ చోటు దొరకని ఖర్చు ఒకటుంది, మనం మాత్రం దాన్ని మరచిపోకూడదు. వోల్కర్ పెంచిన వడ్డీ అమెరికా సరిహద్దుల దగ్గర ఆగలేదు. డాలర్లలో అప్పు తెచ్చుకున్న లాటిన్ అమెరికా దేశాల మీద వడ్డీ భారం కొండలా పెరిగింది, 1982 ఆగస్టులో మెక్సికో చేతులెత్తేసింది, ఆ ఖండం ఒక దశాబ్దం కోల్పోయింది. చమురు బిల్లు పెరిగి, విదేశీ మారకం కరిగిపోయి భారతదేశం 1981లో అంతర్జాతీయ ద్రవ్య నిధి నుంచి 500 కోట్ల ఎస్‌డీఆర్‌ల (ఆ నిధి తన లెక్కల్లో వాడే ప్రమాణం) రుణానికి ఒప్పందం చేసుకుంది. అంతకుముందు సంవత్సరాల్లో మా ఊళ్లో కిరోసిన్ కోసం తెల్లవారుజామున డబ్బాలు వరుసలో పెట్టి, డబ్బా మీద గుర్తుకు రాయి ఉంచి ఇంటికొచ్చిన విద్యార్థుల్లో నేనూ ఒకడిని. ఒక అధ్యక్షుడి ఆర్థిక వారసత్వాన్ని తూచేటప్పుడు ఆయన దేశపు ఓటర్లు పడ్డ కష్టాన్నే తూకంలో వేసి, ఓటు లేని దూరదేశాల కష్టాన్ని వదిలేయడం సబబని నాకు అనిపించదు. ఈ పట్టింపు కార్టర్‌కూ వర్తిస్తుంది, రీగన్‌కూ వర్తిస్తుంది.

మన పి.వి. నరసింహారావు గారితో కార్టర్‌ను పోల్చాలని నాకూ ఒకప్పుడు అనిపించేది, ఇద్దరూ సంస్కరణలు చేసి ఎన్నికల్లో ఓడినవారే గనుక. ఆలోచించిన కొద్దీ తేడా కనిపించింది. 1991 సంక్షోభం పి.వి. గారి కాలంలోనే చల్లబడింది, ఆయన ఓటమికి కారణాలు వేరే చాలా ఉన్నాయి. కార్టర్ వేసిన మందు ఆయన పదవిలో ఉండగా నొప్పినే ఇచ్చింది, ఉపశమనం ఇంకొకరి చేతికి వెళ్లింది. కాబట్టి ఆయనకు తీర్పు చెప్పేవారు ఏ ఏడాది అంకెలు ఎవరి నిర్ణయం వల్ల వచ్చాయో ఒక్కొక్కటిగా విడదీయక తప్పదు. అలా విడదీస్తే చమురు ధరల మీద నియంత్రణ క్రమంగా తొలగించాలన్న 1979 ఏప్రిల్ నిర్ణయం, క్రైస్లర్ కార్ల కంపెనీకి 150 కోట్ల డాలర్ల రుణాలకు ఇచ్చిన హామీ ఆయన జమలో చేరతాయి. క్రైస్లర్ ఆ అప్పును 1983లోనే, గడువుకు ఎంతో ముందు, తీర్చేసింది. కార్టర్ దిగేనాటికి జాతీయ రుణం లక్ష కోట్ల డాలర్ల లోపు ఉంది. రీగన్ ఎనిమిదేళ్లలో అది దాదాపు మూడు రెట్లయింది. పొదుపు తెలియని పాలకుడిగా ముద్ర పడింది మాత్రం కార్టర్ మీదే.

మీ పత్రికను పోటీ పరీక్షలకు చదివే పిల్లలు వేలమంది. సంపాదకీయ పుటలో అచ్చయిన వాక్యాన్ని వారు యథాతథంగా నోట్సులో రాసుకుంటారు, పరీక్షలోనూ అదే రాస్తారు. పాల్ వోల్కర్‌ను ఫెడరల్ రిజర్వ్ అధ్యక్ష పదవికి జిమ్మీ కార్టర్ 1979 జులై 25న నామినేట్ చేశారు, ఆగస్టు 6న వోల్కర్ ప్రమాణ స్వీకారం చేశారు. అప్పటికి రీగన్ అధ్యక్షుడు కావడానికి ఇంకా పదిహేడు నెలల వ్యవధి ఉంది. ఈ మేరకు సవరణను, వ్యాసం వచ్చిన పుటలోనే, ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకుడు,
అనంతపురం